పన్నెండో మనిషి వడ్డన

“మన నందిగామ నుంచి గ్రీసుకి మొత్తం పదకొండుమందిమి బయల్దేరామండి,” అన్నాడు దశరథరామయ్య మైకు ముందు నిలబడి.

గ్రంథాలయం వరండాలో ఆడవాళ్లకి పరిచిన చాప చివర కూర్చున్న రత్తమ్మ ఆ మాట విని వేళ్లు మడవటం మొదలుపెట్టింది. తన మరిది దశరథరామయ్య, అతని భార్య భారతీదేవి. ప్లీడరు వరప్రసాదరావు, ఆయన భార్య కమలాకుమారి. పొగాకు రైతులు మూడు జంటలు. పెళ్లికాని భవానీప్రసాద్. పదకొండు. తను పన్నెండు. బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడు బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు పన్నెండు పాసుపోర్టులు విప్పి పన్నెండుసార్లు ముద్ర కొట్టాడు. ఆ చప్పుడు ఆమెకింకా గుర్తుంది.

“నువ్వూ వెళ్లొచ్చావు కదా రత్తమ్మా?” అని పక్కనున్నావిడ మెల్లిగా అడిగింది.

రత్తమ్మ నోరు తెరిచేలోగా ముందు వరసలోంచి భారతీదేవి వెనక్కి తిరిగింది. “అక్కయ్య వంటకొచ్చిందండి. మాతో తిరగటానిక్కాదు.”

రత్తమ్మ మడిచిన వేళ్లు విప్పలేదు.

ఆ ఏడు, అంటే యాభై అయిదులో, వేసవి ముందు పొగాకు రైతులు కొందరు గ్రీసులో పొగాకు ఎలా పండిస్తారో చూసొద్దామనుకున్నారు. భార్యలు మేమూ వస్తామన్నారు. దాంతో అది విహారయాత్ర అయిపోయింది. పట్నాలు చూడాలి, దీవులు చూడాలి, అక్కడివాళ్ల తిండి రుచి చూడాలి అన్నారు. తీరా రోజులు దగ్గరపడేసరికి ఆ తిండి దగ్గరే భయం పట్టుకుంది. ఏ మాంసం పెడతారో, కారం ఉంటుందో ఉండదో, అసలు అన్నమంటే వాళ్లకి తెలుసో తెలియదో.

“వదినా, నువ్వూ రా,” అన్నాడు దశరథరామయ్య. “ఇంత అన్నం ఉడకేస్తే చాలు. మిగతా పొద్దంతా మాతోపాటే తిరుగుదువుగాని. సముద్రం మధ్యలో దీవులంట. అన్నయ్య పోయాక నువ్వీ గడప దాటిందెప్పుడు?”

పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడలేదు. ఆ మాటకే నమ్మింది. రెండు బస్తాల బియ్యం, కందిపప్పు, చింతపండు, నాలుగు ఆవకాయ జాడీలు, కిరసనాయిలు స్టవ్వు సర్దింది. ఓడలో అవన్నీ ఆమె పడక చుట్టూనే పెట్టారు. సముద్రం రేగిన రెండు రోజులు ఒక ఆవకాయ జాడీని కాళ్ల మధ్య పట్టుకుని పడుకుంది, ఊపుకి పగులుతుందని.

గ్రీసులో ముప్ఫైమూడు రోజులున్నారు. ఏథెన్సులో ఆమె చూసింది బస వెనకున్న వంటగది. సలోనికా పట్నంలో చూసింది మెట్ల కింద ఇంకో వంటగది. కొండ మీద పాలరాతి స్తంభాల గుడి అన్నారు. ఆ గుడి సంగతి ఆమెకు తెలిసిందల్లా మగవాళ్ల పంచెల అంచులకి అంటుకొచ్చిన తెల్లదుమ్ము. రెండు ఉతుకులకి గాని వదల్లేదు.

ఒకే ఒక్కసారి అడిగింది. అందరూ పడవెక్కి దీవులకి పోతున్న పొద్దున.

“ఇవాళ నేనూ వస్తా రామయ్యా. పులిహోర కలిపి పట్టుకొస్తా. వంట బెంగ ఉండదు.”

“పులిహోర మధ్యాహ్నానికి సరే. రాత్రికో? అలిసిపోయి వచ్చేసరికి వేడిగా ఏదో ఒకటి ఉండొద్దూ?” అన్నాడతను. “అయినా దీవంటే ఏముంది వదినా, చుట్టూ నీళ్లు. మన మునేరు వరదలప్పుడు చూళ్లేదూ?”

అందరూ నవ్వారు. పులిహోర మాత్రం కట్టించుకుని వెళ్లారు.

ఆ రోజు బస యజమానురాలు కాతీనా వంటగదిలోకి వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి గ్రీకు రాదు. ఆవిడ నల్లబట్టలూ ఈవిడ తెల్లచీరా చూసుకుని ఒకరి సంగతి ఒకరు తెలుసుకున్నారు. కాతీనా పెద్ద పెద్ద టమాటాల తలలు కోసి, లోపలి గుజ్జు తీసి, బియ్యం, ఉల్లిపాయలు, పుదీనా నూనెలో వేయించి వాటిలో కూరింది. కోసిన తలలు మళ్లీ మూతల్లా పెట్టి పొయ్యిలోకి తోసింది. అవి ఉడికాక కుర్చీ లాగి, రత్తమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టి, పళ్లెంలో పెట్టింది. తను కూర్చుని ఉండగా ఇంకొకరు వడ్డించటం రత్తమ్మకి పద్నాలుగేళ్లలో అదే మొదలు. ఏడవకూడదని తల వంచుకుని తింది.

ఆ బసలో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు కాతీనా వండి పెడుతుంటే రత్తమ్మ చూసి నేర్చుకుంది. మిగతా పదకొండుమందీ హోటళ్ల ముందు నిలబడి ఫొటోలు తీయించుకుని, గబగబా బసకొచ్చి పప్పన్నం తినేవాళ్లు.

“ఇహ అక్కడి భోజనం సంగతి చెప్పాలంటే,” మైకులో దశరథరామయ్య గొంతు పెరిగింది, “ఆ ఆలివు కాయలుంటాయండీ, నోట్లో వేసుకుంటే తేనే! మేం రోజుకో రకం తిన్నాం. మళ్లీ మన పప్పూ చారూ మొహం చూడబుద్ధి కాలేదంటే నమ్మండి.”

అతను తిన్నది ఒకే ఒక్క కాయ. కొరికి, మొహం చిట్లించి, రుమాల్లో ఉమ్మేశాడు. ఆ రుమాలు ఉతికింది రత్తమ్మ.

“వింటుంటేనే నోరూరుతోంది,” అన్నారు ముందు కుర్చీలో ఉన్న తాసిల్దారు గారు. “మాకూ ఒకపూట రుచి చూపించకూడదా?”

పొగాకు రైతుల సంఘం అధ్యక్ష ఎన్నిక ఇంకో నెల్లో ఉంది. దశరథరామయ్య ఆ పదవి కోసం రెండేళ్లుగా చూస్తున్నాడు. ఓట్లున్న వాళ్లంతా ఎదురుగా కూర్చుని ఉన్నారు.

“దానికేం భాగ్యమండి! వచ్చే ఆదివారం మా ఇంట్లో గ్రీసు భోజనం. అందరూ దయచెయ్యాలి.”

ఇంటికి రాగానే తిన్నగా వంటింట్లోకి వచ్చాడు. “వదినా, ఆ నల్లబట్టల ముసలిదాని దగ్గర ఏవో నేర్చుకున్నావు కదూ?”

“నేర్చుకున్నా.”

“ముప్ఫైమందికి భోజనం చెయ్యగలవా?”

“చేస్తా. వడ్డన కూడా నేనే చేస్తా.”

భారతీదేవి గుమ్మంలోంచే అడ్డుపడింది. “నలుగురూ కూర్చున్న బంతిలో అక్కయ్య చేత మొదటి వడ్డనా? ఏమనుకుంటారు?”

“అయితే నువ్వే వండు భారతీ,” అంది రత్తమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

“గ్రీసు భోజనానికి మన పట్టింపులెందుకే? కానీ వదినా, నీ ఇష్టం,” అన్నాడు దశరథరామయ్య.

జగ్గయ్యపేటలో రత్తమ్మకి తల్లి వదిలిపోయిన రెండు గదుల ఇల్లుంది. ముందు గదిలో బట్టలు కుట్టుకునే ఖాదర్‌బీ ఉంటోంది, వెనక గదికి తాళం. శనివారం పొద్దున్నే రత్తమ్మ తన ట్రంకుపెట్టె జట్కా ఇమాం చేత బస్సెక్కించింది. “పేటలో మీ వాళ్లెవరికైనా చెప్పి ఇది ఖాదర్‌బీకి అందేలా చూడు నాయనా. రేపు సాయంత్రానికి నేనొస్తానని చెప్పమను.”

ఆదివారం భోజనం తర్వాత ఈ ఇంట్లో తనకి చోటుండదని ఆమెకి తెలుసు. చోటు పోతే పోయింది. పదకొండు అన్న లెక్క మాత్రం అలాగే ఉండిపోవటానికి వీల్లేదు.

ఆదివారం వసారాలో రెండు బంతులు వేశారు. తాసిల్దారు గారు, పొగాకు సంఘం పెద్దలు, గ్రీసు వెళ్లొచ్చిన వాళ్లంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. రత్తమ్మ ముందుగా అందరి విస్తళ్లలో ఉప్పు వేసింది. విస్తట్లో ఉప్పు పడ్డాక పెద్దమనుషులెవరూ బంతిలోంచి లేవరు. ఆ తర్వాత అన్నం తెచ్చింది. పప్పు తెచ్చింది. నెయ్యి వేసింది. విస్తరి మూల ఎర్రగా ఆవకాయ ముక్క పెట్టింది.

తాసిల్దారు గారు పప్పు వేలితో తాకి చూశారు. “ఇది మన కందిపప్పులా ఉందే?”

“వదినా,” దశరథరామయ్య నవ్వు తెచ్చుకున్నాడు, “ముందే మనవెందుకు? ఆ గ్రీసువి తీసుకురా.”

“తెచ్చానుగా రామయ్యా. మీరు ముప్ఫైమూడు రోజులు గ్రీసులో తిన్నది ఇదే. ఏ పూటైనా ఇంకోటి తిని ఉంటే చెప్పు, అదీ వండి పెడతా.”

“మతి పోయిందా నీకు?”

“ఆలివు కాయలు తేనెలా ఉన్నాయన్నాడు కదా బాబూ,” రత్తమ్మ తాసిల్దారు వైపు తిరిగింది. “ఒక్కటే కొరికాడు. రుమాల్లో ఉమ్మేసిన గింజ నేనే తీసి పారేశా. దీవుల సంగతి మాత్రం నన్నడక్కండి. చూపిస్తానని ఓడెక్కించి స్టవ్వు ముందు కూర్చోబెట్టారు. వెళ్లేటప్పుడు పన్నెండుమందిమి. తిరిగొచ్చి మైకు ముందుకెళ్లేసరికి పదకొండుమందే అయ్యారు. నేను బతికే ఉన్నానని మీరంతా ఒకసారి చూస్తారని వడ్డన అడిగా.”

రత్తమ్మ గరిటె ఇత్తడి గిన్నెలో పెట్టింది. అప్పుడు రెండో బంతిలోంచి సంఘం కూలీల ముఠా మేస్త్రి బుల్లిబాబు గొంతు వచ్చింది.

“ఏమయ్యా రామయ్యా, ఈ పప్పు కోసం ఓడెందుకయ్యా? మునేరు దాటి చెట్టు కింద వండుకుంటే సరిపోయేదిగా!”

నవ్వులు మొదలయ్యాయి. ప్లీడరు వరప్రసాదరావు తలెత్తకుండా పప్పన్నం కలుపుతూనే, “సలోనికాలో చారు కూడా ఉండేది రత్తమ్మా. అది మర్చిపోయావు,” అన్నాడు. అంతే, వసారా మొత్తం గొల్లుమంది. కమలాకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. భారతీదేవి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

రత్తమ్మ చారు కూడా తెచ్చింది. ముందే కాచి పెట్టింది. మజ్జిగ దాకా అందరికీ ఏ లోటూ లేకుండా వడ్డించి, చేతులు కడుక్కుని, దశరథరామయ్య విస్తరి ముందు ఒక్క క్షణం ఆగింది. అతను అన్నం ముట్టలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“చల్లారిపోతోంది రామయ్యా. నీకు చల్లన్నం పడదుగా,” అని బయటికి నడిచింది.

అయిదు రోజులకి ఊళ్లో అందరూ అతన్ని గ్రీసు పప్పు రామయ్య అనటం మొదలుపెట్టారు. ఆరో రోజు మధ్యాహ్నం అతను జగ్గయ్యపేటలో బస్సు దిగి రత్తమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

లోపల పీటల మీద రత్తమ్మా ఖాదర్‌బీ భోజనానికి కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా మట్టిమూకుడు, మూత మీద ఇంకా నిప్పులు. రత్తమ్మ నిప్పులు తోసి మూత తీసింది. పుదీనా వాసన గుమ్మం దాకా వచ్చింది.

“వదినా, ఒక్కసారి రా. అదంతా వేళాకోళానికి చేశానని సంఘంలో చెప్పు. నీకు పుణ్యముంటుంది.”

“వేళాకోళం కాదుగా.”

“పోనీ, పన్నెండుమందిమి వెళ్లామని నేనే చెప్తా. సరేనా?”

“చెప్పు. ఆ వరండాలోనే, ఆ మైకులోనే. నా పేరు పెట్టి చెప్పు. వంటకొచ్చిందని కాదు. చూపిస్తానని తీసుకెళ్లి చూపించలేదని.”

“అలా చెప్తే నాకు ఓటెవడేస్తాడు?”

“అది నువ్వు చూసుకో.”

అతను చెప్పులు విప్పలేదు, వెళ్లనూ లేదు. మూకుడు వైపు చూశాడు. “ఆ కాతీనా చేసింది అదేనా?”

“అదే. అక్కడి నూనె దొరక్క వేరుశనగ నూనెతో చేశా. రుచి తగ్గలేదు.”

ఖాదర్‌బీ ఆమె మోచెయ్యి తాకి గొంతు తగ్గించింది. “అన్నం వేళకొచ్చాడు రత్తమ్మక్కా. రమ్మనవా?”

రత్తమ్మ జీవితంలో ఎప్పుడూ అన్నం వేళకొచ్చిన మనిషిని పస్తు పంపలేదు. అది అతనికీ తెలుసు. అందుకే కదలకుండా నిలబడ్డాడు. ఆమె ఒక టమాటా మూత తీసి, ఆవిరి పోనిచ్చి, ఖాదర్‌బీ పళ్లెంలో పెట్టింది. ఇంకోటి తన పళ్లెంలో పెట్టుకుంది.

“బస్సు నాలుగింటికి,” అంది అతని వైపు చూడకుండా. “ఆకలైతే సెంటర్లో హోటలుంది. పప్పన్నం పెడతారు.”

చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగి, అప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.