నాగవ్వ వాళ్ల అరుగు

కుక్కర్ మూడో కూత వేసేసరికి స్నేహలత అమెరికాలో ఎవరో ముసలావిడ ఎడమ మోకాలి దగ్గర ఉంది. ఆ మోకాలికి డాక్టర్లు ఏం చేశారో చదివి, దానికి ఏ కోడ్ వెయ్యాలో చూసి, ఆ ఫైలు మూసి, ఇంకెవరి గుండెలోకో పేగులోకో వెళ్లాలి. అదే ఆమె ఉద్యోగం. ఎక్కడో ఉన్న ఆస్పత్రుల కాగితాలు చదివి రోగాలకు అంకెలు వెయ్యడం. నాలుగో కూతకు మోకాలిని అక్కడే వదిలేసి వంటింట్లోకి ఉరికింది. తిరిగి వచ్చేసరికి మంచం మీద లాప్‌టాప్ పక్కన ఆరిన బట్టల కుప్ప ఉంది. మడతపెట్టమని ఎవరూ చెప్పలేదు. చెప్పే పనేముంది, పక్కన పెడితే సరిపోతుంది కదా.

రెండేళ్లుగా ఆ పడకగదే ఆమె ఆఫీసు. నిజామాబాద్ కంపెనీ నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, లాప్‌టాప్ చేతిలో పెట్టి ఇంటికి పంపింది. ఆర్మూరులో వాళ్ల గల్లీ గల్లీ అంతా అదృష్టం అంటే నీదే అన్నది. ఆ అదృష్టం ఎలాంటిదో పది రోజుల్లోనే తెలిసొచ్చింది. అంకాపూర్‌లో విత్తనాల కంపెనీలో పనిచేసే భర్త రవీందర్ ఫోన్ చేసి, ఇంట్లనే ఉన్నవ్ గదా, గ్యాస్ బండి వస్తది చూడు అంటాడు. ఎదురింటివాళ్లు ఇంట్లనే ఉంటవ్ గదా అని తాళాలు ఇచ్చి పోతారు. పక్కింటివాళ్ల చీరల పార్సిళ్లు కూడా ఈమె సంతకంతోనే దిగుతాయి. ఇక మామ గంగాకిషన్. మస్కట్‌లో ఇరవై రెండేళ్లు పైపుల పని చేసి వచ్చిన మనిషి, వచ్చి ఎనిమిదేళ్లయినా ఇంకా సెలవు మీద వచ్చినట్టే హాల్లో కుర్చీ వేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు. పొద్దున్నే సిద్దులగుట్ట మెట్లన్నీ ఎక్కి దిగి వస్తాడు కానీ, వంటింటి దాకా నడవడం మాత్రం ఆయన వల్ల కాదు. స్నేహలత చెవులకు హెడ్‌ఫోన్ ఉన్నా గుమ్మంలోంచి చెయ్యి ఊపి చాయ్ అని సైగ చేస్తాడు. ఆమె వస్తున్న అంటుంది. రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలియదు.

ఆ సోమవారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. జూన్ నుంచి ఆఫీసుకు వస్తారా, ఇంటి నుంచే చేస్తారా, శుక్రవారం మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పమని. ఒకసారి చెప్పాక ఏడాది దాకా మార్చుకునే వీలు లేదట. టీం లీడర్ రూత్ ఫోన్ చేసి, కుర్చీలు తక్కువున్నాయి, వచ్చేదుంటే వెనకాడకు అని కూడా చెప్పింది. రవీందర్ ఆ మెయిల్‌ను ఆమె భుజం మీదుగా చదివాడు.

"గిండ్ల సోంచాయించెటిదేమున్నది? హోమ్ అని పెట్టెయ్."

చెడ్డవాడు కాదు, ఆమె మంచి కోరే అన్నాడు. పొద్దున బస్సులో నిలబడి పోవాలి, ఎండలు చూస్తే మండిపోతున్నాయి, పాప అనూహ్య బడి నుంచి మూడున్నరకు వస్తుంది, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని చేసుకునే పనికి రెండు గంటలు రోడ్డు మీద పోసుకోవడం ఎందుకు అని వేళ్లు మడిచి చెప్పాడు. అన్నీ నిజాలే. కాదనడానికి ఆమె దగ్గర ఒక్క కారణమూ లేదు. ఉన్నదల్లా ఒక కల.

ఆ కలలో పెద్దగా ఏమీ జరగదు. ట్రైనింగ్ రోజుల్లో ఆమె కూర్చున్న కుర్చీ కనిపిస్తుంది. నీలం రంగు కుర్చీ, దాని మీద ఎవరి తువ్వాలా ఎవరి యూనిఫామూ ఆరేసి ఉండవు. పదకొండింటికి ఒకాయన కాగితపు కప్పులో చాయ్ తెచ్చి పెట్టిపోతాడు. అది ఆమె పెట్టిన చాయ్ కాదు. అంత పల్చటి చాయ్ ఆమె జన్మలో తాగలేదు, అంత తియ్యగానూ తాగలేదు. తర్వాత బస్సు. అంకాపూర్ దగ్గర మక్క కంకులు కాల్చే పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది. రోడ్డు పక్క కల్లాల్లో ఉడికించిన పసుపు ఆరబోసి ఉంటుంది, ఆ వాసన కొంగుకు పట్టి ఇంటిదాకా వస్తుంది. బస్సులో ఆమె టికెట్ తీసుకున్న మనిషి, అంతే. ఎవరూ ఏమీ అడగరు. మోకాళ్ల మధ్యనో మూత్రపిండాల మధ్యనో ఉన్నప్పుడు ఈ కల మెల్లగా వచ్చి కూర్చుంటుంది, స్క్రీన్ మీది అక్షరాలు అలికినట్టయి, కాసేపు ఆమె ఎక్కడా ఉండదు.

కల ముగిశాక సిగ్గు కలుగుతుంది. ఈ ఎండలో కల్లాల దగ్గర పసుపు కొమ్ములు ఏరేవాళ్లు నందిపేట వైపు నుంచి ఆటోల్లో కుక్కుకుని వస్తున్నారు. తనకేమో నీడ చేదయింది. అత్త భాగ్యవ్వ కూడా ఎన్నోసార్లు అన్నది, నీడపట్టున కూసోని సంపాదిస్తున్నవ్ బిడ్డా, పైలంగ చేసుకో అని. పదహారో ఏట నుంచి బీడీలు చుడుతున్న మనిషి ఆమె. ఆమె అన్నాక ఇక మాట్లాడేదేముంది.

బుధవారం మధ్యాహ్నం మీటింగ్ జరుగుతోంది. స్నేహలత వంతు వచ్చింది. ఒక కేసులో తను ఆ కోడే ఎందుకు వేసిందో చెప్పడం మొదలుపెట్టింది, రూత్ తల ఊపుతూ వింటోంది. సరిగ్గా అప్పుడు గంగాకిషన్ గదిలోకే వచ్చేశాడు. ఫోన్ చార్జర్ కనబడ్తలేదు, మీ అత్తను పిలుచుకరా అన్నాడు. భాగ్యవ్వ మధ్యాహ్నం కాగానే చాట పట్టుకుని నాలుగిళ్ల అవతల నాగవ్వ వాళ్లింటికి పోతుంది. ఫోన్ మాత్రం ఇంట్లోనే పెట్టి పోతుంది. మరిచిపోతుందని అందరి నమ్మకం. ఒక్క నిమిషం మామా అని చేత్తో చూపించినా ఆయన కదల్లేదు. స్నేహలత మైక్ ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది.

నాగవ్వ వాళ్ల అరుగును ఆ వేళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకు. చేతుల పాటికి చేతులు చుట్టేస్తున్నాయి, మాటల పాటికి మాటలు సాగుతున్నాయి. భాగ్యవ్వ గోడకు ఆనుకుని రెండు కాళ్లూ బార్లా చాపుకుని కూర్చుంది. ఇంట్లో ఆమె కాళ్లు చాపగా స్నేహలత చూడలేదు. ఎవరి పెళ్లిలోనో జరిగిన ముచ్చట చెబుతోంది, మొగగొంతు ఒకటి, ఆడగొంతు ఒకటి మార్చి మార్చి. మిగిలినవాళ్లు నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటున్నారు. ఈమె మా అత్తేనా అనుకుంది స్నేహలత. గేటు దగ్గర నిలబడే, మామ పిలుస్తున్నాడని చెప్పింది. భాగ్యవ్వ తల కూడా ఎత్తలేదు.

"పనిల ఉన్న అని చెప్పు."

లేస్తుందేమో అని స్నేహలత ఇంకాసేపు నిలబడింది. లేవలేదు. అరుగు మీద ఎవరికీ అది వింతగా తోచలేదు కూడా, నాగవ్వ అయితే తర్వాతేమైందో చెప్పమని తొందరపెడుతోంది. స్నేహలత ఇంటికి వచ్చి ఆ మాటే మామకు అప్పజెప్పింది. గంగాకిషన్ ఊఁ అన్నాడు. లేచి, అల్మారా తీసి, రెండో అరలో చార్జర్ తీసుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు, నామోషీ అనిపించలేదు. గదిలోకి పోయి చూస్తే మీటింగ్ అయిపోయింది. రూత్ మూడు మెసేజ్‌లు పెట్టింది. మూడింట్లోనూ ఒకటే మాట, స్నేహలతా ఉన్నావా అని.

సాయంత్రం భాగ్యవ్వ నల్లా దగ్గర చేతులకంటిన తంబాకు కడుక్కుంటుంటే స్నేహలత పక్కన కూర్చుంది. మన ఇంట్లో ఫ్యాన్ ఉంది, చాప ఉంది, అంత దూరం ఎందుకు పోతావు అత్తమ్మా అని అడిగింది. భాగ్యవ్వ చేతులు రుద్దుకుంటూనే చెప్పింది.

"ఇంట్ల కూసుంటె ఒక్క కట్ట కట్టేలోపట నాలుగుమాట్ల లేపేది మా అత్త. ఒకనాడు చాట చంకల వెట్టుకొని నాగవ్వోళ్ల అరుగు ఎక్కిన. ఇంట్ల చుడితె ఖాళీగున్నదంటరు, ఆడ చుడితె పనిల ఉన్నదంటరు. బీడీలు గవే, చేతులు గివే."

స్నేహలతకు ఏడుపొచ్చినంత పనైంది. రెండేళ్లుగా తనకు దొరకని కారణం ఈ చదువురాని మనిషి నోట్లో నలభై ఏళ్లుగా ఉంది. ఉన్నపళంగా చెప్పేసింది, నేను ఆఫీసుకు పోదామనుకుంటున్న అత్తమ్మా అని. భాగ్యవ్వ సంతోషిస్తుందనుకుంది. ఆమె నల్లా కట్టేసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు పోతె నేను నాగవ్వింటికి పోవుడెట్ల మరి?"

నిష్ఠూరం కాదు, అడగాల్సిన మాటే అడిగింది. మనుమరాలు వచ్చే వేళకు, పాలవాడి వేళకు, మామ చాయ్ వేళకు ఇంట్లో స్నేహలత ఉంటోంది కాబట్టే ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుంటోంది. ఈమె కుర్చీ కావాలంటే ఆమె అరుగు పోతుంది. గురువారమంతా స్నేహలత ఆ కలను మళ్లీ రప్పించుకోవాలని చూసింది. వచ్చింది కానీ మారిపోయి వచ్చింది. నీలం కుర్చీలో తను కూర్చున్న ప్రతిసారీ ఇక్కడ హాల్లో భాగ్యవ్వ చాట కింద పెట్టి లేస్తోంది, కూర్చుంటోంది, మళ్లీ లేస్తోంది. పెళ్లి ముచ్చట సగంలోనే ఆగిపోయింది. తనకు కుర్చీ దక్కాలని ఇంకో ఆడమనిషి నోరు మూయించాలా? రెండుసార్లు మెయిల్‌లో హోమ్ అన్న గడి దాకా వేలు పోయింది. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. ఏడాదంటే ఎన్ని 'వస్తున్న'లు!

శుక్రవారం పొద్దున పాప బడికి పోయింది. స్నేహలత లాప్‌టాప్ తెచ్చి హాల్లో, అందరూ తిరిగే చోట, బల్ల మీద పెట్టింది. రవీందర్ బూట్లు వేసుకుంటూ, పెట్టినవా హోమ్ అని అడిగాడు. ఆమె హోమ్ పక్కనున్న గడి మీద నొక్కింది. ధన్యవాదాలు అంటూ ఒక పచ్చటి గీత వచ్చింది.

"ఆఫీస్ అని పెట్టిన."

రవీందర్ అరవలేదు. ఒక బూటుతో అలాగే ఉండిపోయి ఆమెను చూశాడు, తర్వాత తల్లిని చూశాడు. భాగ్యవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి కింది పెదవి పంటితో పట్టుకుంది. తన అరుగు రోజులు అయిపోయాయని ఆమెకు తెలిసిపోయినట్టే ఉంది.

"మరి ఇంట్ల ఎవలుంటరు?" అన్నాడు రవీందర్.

స్నేహలత కళ్లు అత్త మీదికి పోయాయి. అత్త కళ్లు ఈమె మీదే ఉన్నాయి. అప్పుడు ఆమెకు తట్టింది, నిన్నంతా ఈ లెక్కలో ఇద్దరినే వేసుకుని నలిగిపోయానని. ఈ ఇంట్లో ఎవరుండాలన్న మాట వస్తే ఎవరి కళ్లయినా ఆడవాళ్ల మధ్యే తిరుగుతాయి, తన కళ్లతో సహా. తిరిగి తిరిగి అవి మొదటిసారి పక్కకు జరిగి హాల్లో కుర్చీ దగ్గర ఆగాయి.

"మామ ఉంటడు" అన్నది స్నేహలత.

గంగాకిషన్ టీవీ మీంచి చూపు తిప్పి, ఈ ఇంట్లో ఇంకో మామ ఎవరైనా ఉన్నాడేమో అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.