గౌరయ్య జాగా

సబ్‌జైల్లో ములాఖత్ అంటే తీరిగ్గా మాట్లాడుకోవడం అనుకునేరు. కాదు, అరుచుకోవడం. రెండు జాలీలు, మధ్యలో బారెడు ఎడం. ఇటు తల్లులూ పెళ్లాలూ, అటు ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినట్టు ఖైదీలు. ఆ గోలలో లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చిన బాలనర్సమ్మ, కొడుకు మొహం చూసి గతుక్కుమంది. బాలేష్ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్ర పోతలేవా బిడ్డా?"

"జాగ లేదమ్మా. సగం మందిమి పండుకుంటే సగం మందిమి కూసుంటం. వంతులు."

బాలేష్‌కు మూర్ఛ. నిద్ర చెడితే చాలు, ఎక్కడుంటే అక్కడే పడిపోతాడు. తెలిస్తే పిల్లనెవరిస్తారని ఆ సంగతి ఆమె ఇంటి గడప దాటనివ్వలేదు. ఎవరడిగినా లేదనే చెప్పమంది. వాడూ అలాగే చెప్పాడు. దూలపల్లిలో ఏదో కొట్లాట కేసు పెట్టి లోపలికి తెచ్చిన నాడు, రోగాలేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగితే ఏం లేవన్నాడు. ఏం పెంపకమో, ఏం తెలివో!

ఇంకేం సిగ్గు? బాలనర్సమ్మ కొంగున ముడేసుకొచ్చిన గోళీలు పైకెత్తి, "సారూ, నా కొడుక్కు ఫిట్స్ ఉన్నయ్! గీ గోళీలియ్యుండ్రి!" అని గొంతు చించుకుంది. జనమంతా తిరిగి చూశారు.

వార్డరు సిద్దయ్య మొహం వేలాడేశాడు. "బయటి మందులు నేనియ్యరాదమ్మా. సోమారం నాడు డాక్టర్ వస్తడు, రాసిస్తడు."

"అందాక రాత్రిపూట పడిపోతే?"

"అన్ని బ్యారక్‌లకు నేనొక్కన్నే. అరుపు ఇనబడి, తాళాలున్న సారును తోలుకొచ్చేసరికి..." అని మిగతాది మింగేశాడు. అబద్ధం చెప్పినా బాగుండేది, మహానుభావుడు.

అప్పుడు బాలేష్ పక్కనున్న నెరిసిన గడ్డపు మనిషి ముందుకు జరిగాడు.

"ఫికర్ జెయ్యకు చెల్లె. నా పేరు గౌరయ్య. గోడ పొంటి నాకింత జాగ దొరికింది. గా జాగ నీ కొడుక్కిస్త. రాత్రంత పండనీ, నేను కూసుంట. ఫిట్స్ వస్తె పక్కకు మళ్లేసి చూసుకుంట. మా తమ్మునికి గిట్లనే ఉండె."

బాలనర్సమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఏడుపు ఆగలేదు.

బయట శామీర్‌పేట బస్సు కోసం కూర్చుంటే, ఒక పిల్ల వచ్చి పక్కన చేరింది. "అవ్వా, నేను వర్షను. ఇందాక నీతోని మాట్లాడిన గౌరయ్య మా నాయినే. రేపు బెయిలొస్తదని వకీలు చెప్పిండు. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటడు!" అంది. పిల్ల మొహం నిండా సంబరమే.

"మంచిదే బిడ్డా," అని బాలనర్సమ్మ దాని తల నిమిరింది. నిమురుతూనే, సిగ్గుతో చచ్చిపోతూనే, లోపల్లోపల ఎల్లమ్మకు మొక్కుకుంది. సోమవారం దాకా ఆయన బెయిల్ ఆపు తల్లీ అని.