టైలరమ్మ ఫ్రిజ్‌లో మంచులోకం

రోజూ పొద్దున్నే టైలరమ్మ ఫ్రిజ్ తలుపు తీసి, పై అరలో పేరుకున్న మంచును మొండి కత్తెరతో గీకి, ఆ తర్వాతే పాలగిన్నె బయటికి తీసేది. గీకకపోతే తలుపు పట్టదు మరి. నెప్ట్యూన్‌కి అవతలెక్కడో, సూర్యుడి మొహం సరిగ్గా చూడకుండా తిరిగే పెద్ద మంచులోకం ఒకటి మూడేళ్ల కిందట వచ్చి ఆ అరలో మకాం పెట్టింది. చూడ్డానికి కొబ్బరికాయంత ఉంటుంది. టెలిస్కోపుల ఆఫీసువాళ్లు వచ్చి, దానికో నంబరు రాసుకుని, కాఫీ తాగి వెళ్లారు. వీధిలో ఎవరికైనా జ్వరమొస్తే, "అక్కా, మీ లోకం మంచు కాస్త పెట్టు" అని గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు.

ఆవిడ బాధల్లా ఎదురు మేడలో ఉండే ఓనరుతోనే. పదకొండేళ్లుగా గది అద్దె ఒక్క రోజు ఆలస్యం చెయ్యని మనిషిని, తన బావమరిది ఫోన్ల కొట్టు కోసం ఖాళీ చెయ్యమన్నాడు. కుట్టుపని ఆ గదిలోనే, కాపురం ఆ గదిలోనే. అది పోతే కూతుర్ని వెంటబెట్టుకుని ఎక్కడికి పోతుంది? పోనంది. అతగాడు కోర్టుకెక్కి ఉత్తర్వు తెచ్చుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఉత్తర్వులు అమలుచేసే కోర్టు అమీనా వచ్చి దాన్ని చదివాడు. ఐదింటిలోగా సామానంతా బయటపడాలి. ఒక్క వస్తువు మిగిలినా ఉత్తర్వు చెల్లదు.

"విన్నావుగా," అన్నాడు ఓనరు. "మర్యాదగా సర్దుకో."

"మర్యాద సంగతి మీరు చెప్పాలా! నేను పుల్ల కూడా ముట్టను. మీరే మోసుకోండి," అని టైలరమ్మ గడప మీద కూర్చుని ఎవరిదో గౌనుకి గుండీలు కుట్టసాగింది.

కుట్టుమిషను, మంచం, గిన్నెలు, కూతురి పుస్తకాలు అన్నీ వీధిన పడ్డాయి. ఇక మిగిలింది ఫ్రిజ్. నలుగురు కూలీలు పట్టారు, కదల్లేదు. ఎనిమిదిమంది పట్టారు. ఊహూఁ.

"ఎంతైనా లోకం కదండీ, బరువుంటుంది," అన్నాడు మేస్త్రి చెమట తుడుచుకుంటూ.

"ఇవాళ తాడో పేడో తేలాల్సిందే," అని ఓనరు తన మేడ స్తంభానికి చైన్ పుల్లీ బిగించి, గొలుసు ఫ్రిజ్‌కి చుట్టించాడు. అందరూ లాగారు. అమీనా కూడా ఓ చెయ్యి వేశాడు.

ఫ్రిజ్ కదల్లేదు. మేడ కదిలింది. వరండాతో, మెట్లతో, డాబా మీద ఆరేసిన దుప్పట్లతో సహా గజం దూరం ఇటు జరిగింది. వీధి ఇరుకైపోయింది.

"ఇంకోసారి లాగండి ఓనరుగారూ," అంది టైలరమ్మ దారం కొరుకుతూ. "మేడ ఇంకాస్త దగ్గరికొస్తే మీ వరండాలో కూడా ఓ మిషను వేసుకుంటాను."

ఓనరు గొలుసు విప్పించాడు. ఐదైంది. అమీనా కాగితం మీద 'ఖాళీ కాలేదు' అని రాసి సంతకం పెట్టాడు. లాగిన లాగుడికి అతని చొక్కా భుజం దగ్గర పిగిలిపోయింది. దాన్ని చూసుకుని మొహమాటంగా, "ఇది ఎప్పటికి కుట్టిపెడతావమ్మా?" అన్నాడు.

టైలరమ్మ లేచి వీధిలో ఉన్న మిషను ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క పట్టమని అతనికి సైగ చేసింది.

"రేపు పొద్దున్నకి," అంది. "ఇక్కడికే రండి."