రంగమ్మ ఫోను విన్న చెవులు

తాతలు చెరుకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన దీవిలో, వాలేలేవు అనే ఊళ్ళో రంగమ్మ రోజూ పొద్దున్నే ఒక చేత్తో కూరలో పసుపు వేస్తూ, ఇంకో చేత్తో కొడుక్కి ఫోను చేసేది. కొడుకు రవీంద్రకి రారవాయిలో చక్కెర మిల్లు పని. ఇంటిల్లిపాదీ మాట్లాడేది హిందీయే. ఆ ఇంట్లో తెలుగు మిగిలింది ఈ తల్లీకొడుకుల మధ్యే. ఫోనులో ఆవిడ గొంతు విన్న చెవి నెల రోజులపాటు పసుపుపచ్చగా ఉండేది. అలాగే ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

"సోమవారం మిల్లు ఆపించాలనుకుంటున్నానమ్మా. ఇంకా ఎవరికీ చెప్పలేదు," అన్నాడొకరోజు రవీంద్ర. మర్నాడే పోలీసులు పట్టుకుపోయారు. సమ్మె మాట ఎత్తడమే నేరమట! రుజువైతే రెండేళ్ళు జైలట!

ఒకరి ఫోను వినాలంటే ముందు మేజిస్ట్రేటు సంతకం ఉండాలని చట్టం. సంతకం లేకుండా విన్నది చెల్లదు. అందుకే ప్రభుత్వం వాళ్ళు కోర్టులో ఫోను ఊసే ఎత్తకుండా సుందర్‌ని సాక్షిగా బోనెక్కించారు. సుందర్ అంటే తెలుగు సంఘంలో రామనవమికి భజనలు పాడించే పెద్దమనిషి, సర్కారు ఉద్యోగి. అంత ఉక్కపోతలో ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని వచ్చాడు, సిగ్గులేనివాడు.

"సమ్మె సంగతి మిల్లులో ఒకతను చెప్పాడండి," అన్నాడు.

"ఎవడ్రా ఆ ఒకతను?" రంగమ్మ లేచింది. "నా కొడుకు చెప్పింది నాకొక్కదానికే, తెలుగులో! తియ్యి టోపీ!"

బంట్రోతు తీయించాడు. రెండు చెవులూ గుమ్మడిపువ్వుల్లా ఉన్నాయి.

"హెడ్‌ఫోను పెట్టి అర్థం చెప్పమన్నారు పిన్నీ," సుందర్ గొణిగాడు. "నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం తగలెయ్య! నా ఇంట్లో పాయసం తాగిన నోరు కదరా అది!"

సంతకం చేసిన కాగితం చూపించమంది రవీంద్ర లాయరు మీరా. కాగితం ఉంటేగా! అందరూ మేజిస్ట్రేటు వైపు తిరిగారు. ఆయన పొద్దుట్నించీ కుడిచెయ్యి చెవికి ఆనించుకునే కూర్చున్నాడు. కలం పట్టడానికి చెయ్యి తీశాడు. ఆ చెవీ పచ్చనే.

"నువ్వు కూడానా సాబ్?" అంది రంగమ్మ. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఆయన కేసు కొట్టేస్తున్నట్టు గబగబా రాసి, లోపలికి వెళ్ళిపోయాడు. వీళ్ళ మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలని రంగమ్మ అడిగింది. ఆ మేజిస్ట్రేటుకే చెయ్యాలంది మీరా.

రవీంద్ర విడుదలయ్యాడు. రంగమ్మ ఫోను కట్టేసింది. ఇప్పుడు ప్రతి శనివారం టిఫిన్ డబ్బా పట్టుకుని, అయిదారు గంటలు బస్సులో కూర్చుని కొడుకు దగ్గరికి పోతుంది. రవీంద్ర కిటికీలు మూసి, తన ఫోను పక్కింట్లో పెట్టి వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుంటాడు. అయినా హిందీలోనే మాట్లాడతాడు.

"ఇక్కడెవరున్నార్రా వినడానికి? ఒక్క మాట తెలుగులో మాట్లాడు నాన్నా," అంటుంది రంగమ్మ.

రవీంద్ర తలుపు వైపు చూస్తాడు.

"ఠీక్ హై, అమ్మా," అంటాడు.