అద్దంలో పాపిడి

"చేతిని లాగకూడదు అల్లుడుగారూ, అడగాలి," అంటూ మేస్త్రి చనిపోయిన పెద్దమనిషి భుజాన్ని మెల్లగా నిమిరాడు. బిగుసుకున్న కీలు కాస్త సడలగానే, మణికట్టు వైపు నుంచి తన చేతిని చొక్కా చేతిలోకి దూర్చి, ఆయన వేళ్లు పట్టుకుని ఇవతలకు తెచ్చాడు. "కొంచెం చెయ్యివ్వండి సార్... ఆఁ, అంతే."

యజమాని అల్లుడు నవ్వాడు. "భలేవారు బాబాయ్! ఆయనకి వినపడుతుందా ఏంటి?"

"మనకి వినపడుతుంది కదా బాబూ."

ఈ అంత్యక్రియల కంపెనీలో మేస్త్రి ముప్పై ఒక్క ఏళ్లు గడిపాడు. యజమాని ముందు గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని బంధువులను ఓదారుస్తుంటే, వెనక గదిలో రాతిబల్ల దగ్గర ఇతను శవాలకు గడ్డాలు గీశాడు, గోళ్లు తీశాడు, తెరుచుకున్న నోళ్లు మూశాడు. ఆ సబ్బు వాసన పడక భార్య బతికున్నన్నాళ్లూ వేరే మంచం వేసుకుంది. విందుల్లో చుట్టాలు అతని పక్క కుర్చీ ఖాళీగా వదిలేసేవారు. పోనీలే, తన చేతుల మీదుగా వెళ్లినవాళ్లెవరూ వంక పెట్టలేదు కదా అని సరిపెట్టుకునేవాడు.

నాలుగు నెలల క్రితం యజమాని, "మా అల్లుడికి పని నేర్పు మేస్త్రీ," అన్నాడు. ఏదీ దాచుకోకుండా అంతా నేర్పాడు. నిన్న అదే యజమాని ఫోనులో ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది. "ఈ ఒక్క శవాన్నీ అల్లుడు సొంతంగా తయారు చేస్తే చాలు. ముసలాణ్ని పంపించేద్దాం."

ఇక మిగిలింది తల దువ్వడం. పెద్దాయన భార్య పంపిన ఫొటోను అల్లుడు ఫోనులో తెరిచి బల్ల మీద నిలబెట్టాడు. పెద్దాయన అద్దం ముందు నిలబడి తనే తీసుకున్న ఫొటో. అందులో చొక్కా జేబు ఆయన కుడి రొమ్ము మీద ఉంది. ఏ దర్జీ కుడతాడు అలా? అద్దంలో జేబు తిరగబడితే పాపిడీ తిరగబడినట్టే. మేస్త్రికి చూడగానే తెలిసిపోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

అల్లుడు శ్రద్ధగా కుడివైపు పాపిడి తీశాడు. "బాగుందా బాబాయ్?"

"బ్రహ్మాండంగా ఉంది."

చావనీ, అనుకున్నాడు కసిగా. ఆవిడొచ్చి నాలుగు దులిపితే తెలుస్తుంది, మామకీ అల్లుడికీ.

పెద్దాయన్ని ముందు గదిలో పడుకోబెట్టాక, పదకొండింటికి ఆవిడ వచ్చింది. భర్త ముఖం వంక చూసింది, మళ్లీ చూసింది. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి పెట్టుకుంది. మేస్త్రి కేకల కోసం ఎదురుచూశాడు. ఆవిడ కేకలు వేయలేదు.

"నలభై ఆరేళ్లు కాపురం చేశాను," అంది చిన్న గొంతుతో. "నాకెందుకు ఈయన ఆనవాలు తెలియట్లేదు బాబూ? నాకే మతి పోయిందా? ఏమీ అనుకోకండి."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పాడు బుద్ధి! జేబులోంచి దువ్వెన తీసి, నీళ్లలో ముంచి, ముందుకు వెళ్లాడు.

"మీ తప్పు కాదమ్మా. మాది."

జుట్టు మొత్తం తడిపి, ఎడమవైపు పాపిడి తీశాడు. ఆవిడ ఒక్కసారిగా ఏడ్చేసింది. "ఆఁ... ఇదుగో, ఈయనే," అంటూ దువ్వెన తన చేతిలోకి తీసుకుంది.

వెనక గదిలో అల్లుడు ఎర్రబడ్డ ముఖంతో నిలబడ్డాడు. "బాగుందని మీరే అన్నారు కదా బాబాయ్?"

"నీకు తెలియలేదా మేస్త్రీ?" అడిగాడు యజమాని.

తెలియలేదంటే సరిపోయేది. "తెలుసు. తెలిసే ఊరుకున్నాను," అన్నాడు మేస్త్రి.

"అంత మాట విన్నాక నిన్నెలా ఉంచుకోమంటావు?" యజమాని ముఖంలో కోపం కంటే ఊరటే ఎక్కువగా ఉంది.

మేస్త్రి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. శవాలను లోపలికి తెచ్చే తలుపులోంచే బయటికి నడిచాడు. ఎవరూ ఆగమనలేదు.

ముందు గదిలో ఆవిడ ఇంకా భర్త తల దువ్వుతూనే ఉంది, పళ్ల మధ్య రెండు తెల్ల వెంట్రుకలు చిక్కుకున్న ఆ నల్ల దువ్వెనతో.