పెళ్లితెర వెనక కోళ్లు

హుర్మతాయికి ఇంట్లో ఒక కొడుకు, పెరట్లో అరడజను కోళ్లు. కొడుకు మాట వినకపోయినా కోళ్లు వింటాయని ఆవిడకు గర్వం. వాటిలో మెడ బలిసిన ఎర్ర పెట్ట పేరు బేగిమ్. గింజలు చల్లితే ముందు బేగిమ్ తినాలి, తర్వాతే మిగతావి. ద్రాక్ష పందిరి కింద చల్లటి దుమ్ముగుంట బేగిమ్ సొంతం. దాని అనుమతి లేనిదే పుంజు కూడా కూయదని మర్గిలాన్ పట్నం దగ్గరి ఆ వీధివాళ్లు నవ్వుకునేవారు.

ఆ ఇంటికి కోడలొచ్చింది. పేరు జెబినిసా. పుట్టింటి నుంచి పరుపులూ పింగాణీ సామానుతో పాటు, బుట్టలో మూడు తెల్ల పెట్టల్ని కూడా తెచ్చుకుంది. పిల్ల పనికి వంక పెట్టడానికి లేదు. తెల్లారకముందే వాకిలి ఊడుస్తుంది, ఎవరు ఎదురైనా గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి సలాం చేస్తుంది. మాట్లాడదు, అంతే. అడిగిన దానికి జవాబు చెప్పినా, అది పెదవి దాటుతుంది గానీ అవతలివాళ్ల చెవిదాకా రాదు. కొత్త కోడలి గొంతు గడప దాటకూడదని అక్కడి పద్ధతి. ఆ పద్ధతి హుర్మతాయికి మొదట్లో ముచ్చటగానే ఉంది. తర్వాత పిచ్చెక్కించింది. మొగుడు పోయాక ఆవిడ ఇన్నేళ్లూ ఎదురుచూసింది వాకిలి ఊడ్చే మనిషి కోసం కాదు, కబుర్లు చెప్పుకునే మనిషి కోసం.

ఆ పిల్ల కాస్త నోరు విప్పేది తన తెల్ల పెట్టల దగ్గరే. బేగిమ్ ఏమో వాటిని గింజల దగ్గరికే రానివ్వదు. వాటికేమైనా అయితే ఆ కాస్త మాటా పోతుంది. అందుకే వాటిని పాతవాటితో ఎలాగైనా కలపాలని హుర్మతాయి నడుం బిగించింది.

"కోడైతేనేం, కోడలైతేనేం, కొత్తగా వచ్చినప్పుడు పెద్దలకు సలాం చెయ్యాలి కదా!" అంటూ ఒక తెల్ల పెట్టను చంకన పెట్టుకుని వెళ్లి బేగిమ్ ముందు కూర్చుంది. దాని తల పట్టుకుని కిందికి వంచింది. "సలాం చెప్పవే పెద్దమ్మకి!"

మనుషుల మర్యాదలు బేగిమ్‌కి ఎవరు నేర్పారు? ముక్కు కిందికి తల దానంతటదే వచ్చింది కదా అని టపీమని పొడిచింది. ఈకలు లేచాయి, హుర్మతాయి వేలు తెగింది. అంతటితో ఆవిడ ఊరుకుందా? మొదటిది సరిగ్గా వంగలేదనుకుని రెండోదాన్ని తెచ్చి ఇంకా బాగా వంచింది. అది ఇంకా బాగా తన్నులు తింది. మూడోది ఈ సంబడం చూసి పందిరెక్కి కూర్చుంది, ఎంత పిలిచినా దిగలేదు.

సాయంత్రానికి రెండు పెట్టలకూ నడినెత్తి బోడి. జెబినిసా వాటికి గొర్రె కొవ్వు రాస్తూ కళ్లు తుడుచుకుంది. హుర్మతాయి ప్రాణం ఉసూరుమంది.

"అమ్మా, ఆ ఎర్రదాన్ని కోసి పులావులో వేసేద్దాం, పీడా పోతుంది" అన్నాడు కొడుకు ఎర్గాష్.

"ముందు నిన్ను కోస్తాను, ఆగు!"

మర్నాడు ఆవిడ గూటి దగ్గరికి వెళ్లి చూసింది. గూట్లో సగానికి అడ్డంగా పెళ్లితెర కట్టి ఉంది! పెళ్లినాడు వధువును కూర్చోబెట్టింది ఆ తెర వెనకే. పలచటి తెల్లటి వలగుడ్డ, అంచునంతా దానిమ్మ పూలు. వియ్యపురాలు సాలియా చలికాలమంతా కూర్చుని స్వయంగా కుట్టింది. దాని వెనక మూడు తెల్ల పెట్టలు, పక్కన తల వంచుకుని కోడలు.

"ఓరి దేవుడా! ఇది కోళ్లగూట్లో కట్టే గుడ్డా తల్లీ?"

కోడలి పెదవులు కదిలాయి. హుర్మతాయి చెవి దగ్గరికి పెట్టాల్సొచ్చింది.

"నన్ను కూడా తెర వెనక కూర్చోబెట్టే కదా అందరూ చూశారు... ఎవరూ పొడవలేదు."

హుర్మతాయి వదులైన ముడి ఒకటి తనే బిగించింది. తెర అలాగే ఉండిపోయింది.

మొదట్లో బేగిమ్ ఒంటికాలి మీద లేచింది. దానిమ్మ పూలన్నిటినీ పొడిచింది. పూలు తిరిగి పొడవకపోయేసరికి విసుగొచ్చింది. అత్తాకోడళ్లు చెక్కమంచం మీద పక్కపక్కనే కూర్చుని టీ తాగుతూ, తెరకు ఇటూ అటూ గింజలు చల్లుతూ వేడుక చూసేవారు.

ఇంతలో కబురొచ్చింది. మర్నాడే వియ్యపురాలి రాక, పెళ్లయ్యాక మొదటిసారి. ఆవిడ వచ్చేలోగా తెర విప్పి ఉతకాలి. విప్పితే బేగిమ్ తెల్లవాటిని బతకనిస్తుందా? పైగా అంతటి చుట్టం వస్తే కోడి తెగాల్సిందే. వియ్యపురాలు పంపిన పెట్టను వియ్యపురాలికే వండి పెడితే ఊళ్లో తలెత్తుకోగలరా? ఎటు తిప్పినా లెక్క బేగిమ్ దగ్గరే ఆగింది.

పొద్దున్నే ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని, "పట్టుకోరా దాన్ని" అంది కొడుకుతో.

"వదలండి దాన్ని!"

పందిరి మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. ఎవరు అరిచారా అని ఎర్గాష్ చుట్టూ చూశాడు. అరిచింది అతని పెళ్లామే.

"మీకు కళ్లు లేవా? తెర కింద నుంచి మా తెల్లది ముక్కు పెట్టి దాని గింజలు తింటే ఏమీ అనలేదు! పొద్దున నేను చూశాను! ఇప్పుడిప్పుడే దారికొస్తుంటే కోసేస్తారా? అత్తమ్మా, మీరైనా చెప్పరేం?"

ఎర్గాష్ చేతిలోంచి బేగిమ్ జారిపోయింది. సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో సాలియా, చేతిలో గుడ్డ కప్పిన బుట్టతో.

"జెబినిసా! అత్తింట్లో అరుస్తావా? ఇదేనా నా పెంపకం?"

కోడలు పాలిపోయింది. హుర్మతాయి ఒక్క ఉదుటున మధ్యకు వచ్చింది. "వదినా, నీకు పుణ్యముంటుంది, దాన్నేమీ అనకు. ఈ గొంతు కోసం కాచుక్కూర్చుని నా చెవులు తుప్పుపట్టాయి. మళ్లీ నోరు మూయించకు."

సాలియా చూపు గూటి మీదికి పోయింది. "అది... నేను కుట్టిన..."

"నేనే కట్టాను" అంది హుర్మతాయి.

"కాదు, నేను" అంది జెబినిసా.

"నేనని చెబుతుంటే నీక్కాదూ!"

"మీరు అబద్ధాలాడకండి అత్తమ్మా!"

సాలియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెక్కమంచం మీద చతికిలబడి తలగుడ్డ జారిపోయేలా నవ్వింది. "నా పిల్ల ఇక్కడ బిక్కుబిక్కుమంటుందేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. తీరా వస్తే ఇదీ వరస!"

ఆ పూట అంతటి వియ్యపురాలికి టమాటాలు వేసి వండిన గుడ్లూ వేడి రొట్టే పెట్టారు. వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. హుర్మతాయి లక్ష్యపెట్టలేదు.

తిన్నాక ముగ్గురాడవాళ్లూ కలిసి తెర విప్పారు. బేగిమ్ వచ్చింది, తెల్లవాటి చుట్టూ తిరిగింది, ఒకదాన్ని పేరుకి ఒక్క పోటు పొడిచి తన దుమ్ముగుంటకు వెళ్లిపోయింది. కాసేపటికి తెల్లవి దాని పక్కనే దుమ్మాడటం మొదలుపెట్టాయి.

"అయ్యో, నా మతి మండ! ఉత్త చేతులతో వస్తానా?" సాలియా బుట్ట మీది గుడ్డ లాగింది. చుక్కలున్న రెండు పెట్టలు తలలు బయటపెట్టాయి.

బేగిమ్ మెడ మీద ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

ఉతకడానికి మడిచిన తెరను జెబినిసా మళ్లీ విప్పింది. "అత్తమ్మా, చూస్తూ నిలబడతారేం? ఆ కొస పట్టుకోండి!" అని వీధి చివరిదాకా వినబడేలా కేకేసింది.

హుర్మతాయి పరుగున వెళ్లి పట్టుకుంది.