కాలిన చోటు

"ఏటే కుసుమా, ఇంకా సుట్టలేదా ఆ మోటారు?" అని నా మొగుడు ధర్మారావు రోజుకు పదిసార్లు అరుస్తాడు. పలాసలో మాది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు. బోర్డు మీద ఆయన పేరు, కుర్చీలో ఆయన. లోపల స్టూలు మీద కూర్చుని రాగితీగ చుట్టేది నేను. పద్నాలుగేళ్లుగా జీతం లేదు. "ఇంటి పనికి జీతమేటి?" అంటాడు. పక్క మీదా అంతే, తన పని అయిపోగానే అటు తిరిగిపోతాడు. ఒకసారి సిగ్గు విడిచి "నాకింకా..." అన్నాను. "ఆడదానికి అంత యావేటే?" అన్నాడు. వారం రోజులు అద్దంలో నా మొహం నేను చూసుకోలేకపోయాను. ఆ తర్వాత కోపం వచ్చింది.

ఎవరో వదిలేసిన మసాజరులోంచి చిన్న మోటారు తీశాను. ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, మూలనున్న పాత అడాప్టరుకు కలిపాను. ఆయన కవిటి ఊరు వెళ్లిన మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకున్నాను. ఎవరొస్తారోనని ఒకటే భయం. కాసేపటికే షాకు కొట్టి ఒళ్లు ఝల్లుమంది, కమురు వాసన. గోడ మీది స్విచ్చికి చెయ్యి అందలేదు. తొడ లోపలివైపు రూపాయి బిళ్లంత కాలింది.

"కుంటతావేటి? కస్టమర్లు సూత్తన్నారు," అన్నాడాయన. ఏమైందని మాత్రం అడగలేదు.

మూడో రోజు చీము పట్టింది. ఆసుపత్రిలో నర్సు ధనలక్ష్మితో వేడి నూనె పడిందన్నాను.

"సీర కట్టుకుని వంట సేత్తే నూనె అక్కడ పడదమ్మా. నిజం సెప్పు."

చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"సేసుకోడం తప్పు కాదు. గోడ కరెంటు పెట్టడం తప్పు. రెండు పెన్సిల్ సెల్లులు సాలు. స్విచ్చి సేతిలోనే ఉండాల. లోపలికి జారిపోకుండా అడుగు ఎడల్పుగా ఉండాల. మొన్న ఒకామెకి ఆపరేషను సేసి తీసినారు. గరుకుంటే కోసుకుంటాది, పైన కండోము తొడుగు. మోటారు ఏడెక్కితే ఆపీ. పుండు మానేదాకా మాత్రం వొద్దు."

"ఇవన్నీ నాకు తెలుసక్కా. నాను మోటార్లే సుడతాను," అన్నాను. అని ఏడ్చాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా మీద నాకే చిరాకు. ఊళ్లో ఎవరి మిక్సీలోనూ ఒక్క అతుకు టేపు లేకుండా వదలను. ముక్కూమొహం తెలియని ఆడమనిషికి షాకు కొట్టకూడదని రెండుసార్లు మీటరు పెట్టి చూస్తాను. నా ఒంటి దగ్గరికొచ్చేసరికి పారేసిన అడాప్టరూ, దొంగతనం చేస్తున్నట్టు తొందరా. నా సుఖానికి అంతకుమించి శ్రద్ధ దండగని నాకెవరు నేర్పారు? నేనెందుకు నేర్చుకున్నాను?

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఒక ఉదయం, షాపు లోపల స్టూలు మీదే కూర్చుని కొత్తది మొదలుపెట్టాను. కొత్త సెల్లులు, నున్నటి సిలికాన్ తొడుగు, వేలికి అందే స్విచ్చి. అరగంట ఆడించి, మణికట్టుకు ఆనించి వేడి చూస్తుంటే ధర్మారావు తొంగిచూశాడు.

"ఎవులిదే అది?"

"నాదే."

"ఏటికి?"

దాచకుండా చెప్పాను. ఆయన మొహం నల్లబడింది.

"నానుండగా నీకిదేటే?"

"నువ్వుండగానే బావా, ఇది కావాల్సొచ్చింది," అన్నాను.